జాన్ నేపియరు మహాశయుని జీవితము

లెక్క యన్నంతనే గుండె దడదడలాడు బాలబాలికలు ప్రతి పాఠశాలయందును గలరు. మూడంకెల సంఖ్యను మరియొక మూడంకెల సంఖ్యచే గుణింపుమనిన, వ్రాసి, తుడిచి, మరల వ్రాసి, తుదకు కన్నీరు గార్చు పిల్లలను నేను పెక్కుమందిని జూచితిని. అట్టివారు తమకు బుద్ధి చాలదని తలంతురు. అది సత్యము కాదు. లెక్క చేయుటలోని శ్రమ వేరు. గణితమందలి జ్ఞానము వేరు. శ్రమ తగ్గినచో జ్ఞానమునకు చోటు కలుగును. ఈ సంగతిని గ్రహించి, తన జీవితమున నిరువది సంవత్సరముల కాలము పరుల శ్రమను తగ్గించుటకై పాటుపడిన యొక స్కాట్లండు దేశస్థుని చరిత్రమును మా విద్యార్థినీ విద్యార్థులకు క్లుప్తముగా దెలుపదలచితిని. ఆయన పేరు జాన్ నేపియరు.

నేపియరు 1550వ సంవత్సరమున ఎడింబరో నగర సమీపమందున్న మర్చిస్టను కోటలో జన్మించెను. తండ్రి ఆర్చిబాల్డు నేపియరు గొప్ప భూస్వామి. కుమారుడు పుట్టునప్పటి కాతండు పదునారేండ్ల యువకుడు మాత్రమే. తల్లి జానెట్ బాత్‌వెల్. ఆ దినములలో స్కాట్లండు దేశము మతకలహములతోడను, ప్రభువుల కక్షలతోడను తల్లడిల్లుచుండెను. 1560లో అచ్చటి పార్లమెంటు రోమను సంఘాధిపత్యమును త్రోసిపుచ్చి సంస్కరణ మతము నంగీకరించెను. ఇది జరిగిన మూడేండ్లకు, అనగా 1563లో, పదుమూడేండ్ల నేపియరు సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయమున జేరెను. ఆ సంవత్సరాంతముననే తల్లి మరణించెను. ఆ విశ్వవిద్యాలయమునుండి యాయన పట్టము పొందలేదు. బిషప్పుగా నుండిన మేనమామ, బాలుని ఫ్రాన్సుకో ఫ్లాండర్సుకో పంపి చదివింపుమని బావగారికి వ్రాసియుండెను. ఆ ప్రకారము కొంతకాలము విదేశములయందు విద్య నభ్యసించెనని చరిత్రకారులు తలంతురు. 1571 నాటికి ఆయన స్వదేశమునకు వచ్చియుండెను.

మరుసటి సంవత్సరము ఎలిజబెత్ స్టెర్లింగు అను కన్యను వివాహమాడి, ఎండ్రిక్ అను నదియొడ్డున గార్ట్‌నెస్ అనుచోట గృహము నిర్మించుకొని, 1574 నుండి యందు కాపురముండెను. ఇరువురు బిడ్డలు కలిగిన పిమ్మట 1579లో ఆమె మరణించెను. తరువాత ఆయన ఆగ్నెస్ చిషోల్మ్ అను నామెను పరిణయమాడెను. ఆమెకు పదుగురు సంతానము కలిగిరి. ఇట్లు పండ్రెండుగురు పిల్లలుగల యింటిలో, పొలములు, కౌళ్లు, వ్యాజ్యములు, పంటల లెక్కలు చూచుకొనుచు జీవించిన గృహస్థుడే మన నేపియరు. ఆయన ఏ కళాశాలయందును బోధకుడు కాడు. గణితము వలన ఆయనకు ఒక కాసైనను జీతము రాలేదు. తీరిక దొరికినపుడెల్ల తనంతట తాను చేసికొనిన సాధనయే ఆయన విద్య.

గార్ట్‌నెస్ గృహమును గూర్చి యా ప్రాంతమున నొక కథ నిలిచియున్నది. ఆ యింటికి సమీపమున నదిలో నొక జలపాతమును, దాని చెంతనే యొక మరయు నుండెను. జలపాతము రేయింబవళ్లు ఒకే రీతిగా ఘోషించుచుండుటచే నేపియరుకు బాధ కలుగలేదు. కాని మర యప్పుడప్పుడు తిరుగుచు, అప్పుడప్పుడు నిలుచుచు టకటకలాడుటచే ఆయన యాలోచన తెగిపోవుచుండెను. గొప్ప లెక్కలో మునిగియున్నపుడు, కొంతసేపు మరను నిలుపుమని మరవానిని వేడుకొనుచుండెనట. ఇల్లు నిశ్శబ్దముగా నున్నగాని చదువలేమని సాకు చెప్పు విద్యార్థు లీ కథను శ్రద్ధగా వినవలెను. ఎడతెగని ధ్వనికి మనస్సు అలవాటుపడును. మాటిమాటికి వచ్చి పోవు ధ్వనియే దానిని చెదరగొట్టును. నేటి విద్యార్థి చేతియందలి సెల్‌ఫోను ఆనాటి మర వంటిదే. దానిని నిలుపుటకు మరవానిని బతిమాలవలసిన పనికూడ లేదు.

రాత్రివేళ దీర్ఘాలోచనతో నొంటరిగా నటునిటు తిరుగుచుండు నేపియరును జూచి, గ్రామస్థు లాయన మంత్రగాడని భయపడుచుండిరి. ఆయన యొద్ద నల్లకోడిపుంజు ఒకటి యుండెననియు, అది దయ్యమనియు చెప్పుకొనెడివారు. ఆ కోడిని గూర్చి యింకొక కథ కలదు. ఒకప్పు డింట దొంగతనము జరుగగా, సేవకులను ఒకరి వెనుక నొకరిని చీకటిగదిలోనికి పంపి, కోడి వీపును నిమిరి రమ్మనెనట. దొంగ ముట్టినచో అది కూయునని చెప్పెనట. కోడి కూయలేదు. కాని నేపియరు ముందుగానే దాని వీపునకు మసి పూసియుంచెను. నిరపరాధులందరి చేతులకును మసి యంటెను. భయముచే కోడిని ముట్టని దొంగ చేయి మాత్రము శుభ్రముగా నుండెను. ఇది కట్టుకథయో నిజమో గాని, ఆయన మంత్రము తెలివియే యని దీనివలన తెలియుచున్నది.

నేపియరు తన జీవితమందలి ముఖ్యకార్యముగా భావించినది గణితము కాదు. బైబిలు నందలి ప్రకటన గ్రంథమునకు ఆయన యొక వ్యాఖ్యానము వ్రాసి 1593లో ప్రకటించెను. దీనిని మొదట పండితుల భాషయగు లాటినున నారంభించి, పిమ్మట దాని నాపి, తన ద్వీపమందలి సామాన్యజనులు గ్రహింపవలెనని ఇంగ్లీషున వ్రాసెను. అది డచ్చి, ఫ్రెంచి, జర్మను భాషలలోనికి పరివర్తనము చేయబడి మిక్కిలి ప్రచారము నొందెను. ఆ గ్రంథమున నాయన లోకాంతము 1688, 1700 సంవత్సరముల నడుమ సంభవించునని లెక్కకట్టెను. ఆ సంవత్సరములు వచ్చినవి, పోయినవి, లోకము నిలిచియున్నది. తాను గొప్పదని నమ్మిన లెక్క తప్పిపోగా, తీరికవేళల చేసిన లెక్క లోకమును మూడువందల యేండ్లకు పైగా సేవించెను. మన పనులలో నేది నిలుచునో నిర్ణయించువారము మనము కామని తెలిసికొనుటకు ఇంతకంటె నుదాహరణము వలయునా?

స్పెయిను రాజు దండెత్తివచ్చునను భయము ఆ కాలమున దీవి యంతటను వ్యాపించియుండెను. 1596లో నేపియరు స్వదేశరక్షణకై కొన్ని యుద్ధోపాయములను కాగితముపై వ్రాసి సంతకము చేసెను. సూర్యకిరణముల నొకచోట చేర్చి శత్రునౌకలను కాల్చు దర్పణములు, లోహకవచము గల రథము, నీటియడుగున బోవు ఓడ మున్నగునవి యందు గలవు. మరణకాలమున మిత్రులు వానిలో నొక యంత్రము రహస్యము నడుగగా, మనుష్యులను సంహరించు సాధనము లిదివరకే చాలినన్ని యున్నవని చెప్పి దానిని తెలుప నిరాకరించెనని యొక ప్రతీతి కలదు. మరియు పొలములకు ఉప్పును ఎరువుగా వాడు పద్ధతిని, గనులలో నిండిన నీటిని తోడివేయు మరచుట్ల యంత్రమునుగూడ ఆయన కుటుంబము వారు ప్రచారము చేసిరి.

ఇక ఆయన కీర్తికి మూలమైన కార్యమును జూతము. ఆ కాలమున ఓడలు మహాసముద్రములను దాటుచుండెను. జ్యోతిశ్శాస్త్రజ్ఞులు గ్రహగతులను కొలుచుచుండిరి. భూములు కొలువబడుచుండెను. వీరందరికిని ఏడేసి యంకెల సంఖ్యలను గుణించుట, భాగించుట, వర్గమూలములు, ఘనమూలములు కనుగొనుట నిత్యకృత్యము. ఒక్క గ్రహము స్థానమును నిర్ణయించుటకు దినముల కొలది కాలము పట్టెడిది. మధ్య నొక యంకె తప్పినచో శ్రమ యంతయు వృథా. చక్కని బుద్ధిగల పెక్కుమంది యాయుష్షు ఈ కూలిపనిలోనే తరుగుచుండెను. నేపియరు దీనిని జూచి, గుణకారమును కూడికగాను, భాగహారమును తీసివేతగాను మార్చు నుపాయమున్న బాగుండునని తలపోసెను.

ఆ యుపాయమును చిన్నపిల్లలుసైత మిట్లు తెలిసికొనవచ్చును. ఒక వరుసలో 1, 2, 3, 4, 5, 6, 7, 8 అని వ్రాయుడు. దాని క్రింద 2, 4, 8, 16, 32, 64, 128, 256 అని, ఒక్కొక్కటి ముందుదానికి రెట్టింపగునట్లు వ్రాయుడు. ఇప్పుడు 8ని 32చే గుణింపవలె ననుకొనుడు. క్రింది వరుసలోని 8కి పైన 3 యున్నది. 32కి పైన 5 యున్నది. 3ను 5ను కూడిన 8 యగును. పై వరుసలోని 8కి క్రిందనున్నది 256. అదియే మనకు వలసిన లబ్ధము. మనము గుణింపలేదు, కూడితిమి, చూచితిమి, అంతే.

ఈ పోలిక నేపియరునకు బూర్వమే పండితులకు దెలియును. కాని యందొక చిక్కు గలదు. క్రింది వరుసలో 8కిని 16కును నడుమనున్న 9, 10, 11 మున్నగు సంఖ్యలకు జోడులేదు. మెట్లు మరీ యెడముగా నున్నవి. ప్రతి సంఖ్యకును జోడు దొరకవలెనన్న మెట్లు మిక్కిలి సన్నముగా నుండవలెను. నేపియరు కోటి అను సంఖ్యతో నారంభించి, ఒక్కొక్క మెట్టునకు కోటియవ వంతు మాత్రమే తగ్గునట్లు వరుసను గట్టెను. యంత్రము లేదు, సహాయకుల బృందము లేదు. దీపము వెలుగున, కలముతో, ఇరువది సంవత్సరములు ఆ లెక్కలను సాగించెను. ఈ జోడు సంఖ్యలకు గ్రీకు పదములను గలిపి లాగరిథములని పేరిడెను. మన తెలుగు గణితపుస్తకములలో వీనినే సంవర్గమానములందురు.

1614లో, తన యరువదినాలుగవ యేట, ఆయన లాగరిథముల యద్భుత పట్టికను వర్ణించు లాటిన్ గ్రంథమును ఎడింబరోలో ప్రకటించెను. అందు వివరణము 57 పుటలు. పట్టికలు 90 పుటలు. పట్టికను తానెట్లు నిర్మించెనో చెప్పు భాగమును మాత్ర మప్పుడు ప్రకటింపలేదు. ముందుగా జనులు దానిని వాడి చూడవలెననియు, అది మేలైనదని వారికి తోచినచో నిర్మాణవిధానమును పిమ్మట తెలుపుదుననియు ఆయన యుద్దేశము. క్రొత్తవానిని భయపెట్టక, మొదట ఫలమును చేతికిచ్చి, పిమ్మట చెట్టును జూపుట మంచి గురువు లక్షణము.

నావికశాస్త్ర ప్రవీణుడగు ఎడ్వర్డు రైటు ఈ గ్రంథమును ఇంగ్లీషులోనికి పరివర్తనము చేసెను. లాటినెరుగని ఓడవారికి ఇది యుపకరింపవలెనని యాతని కోరిక. ఆతడు 1615లో మరణింపగా, కుమారుడు 1616లో దానిని ముద్రింపించి ఈస్టిండియా కంపెనీవారి కంకిత మిచ్చెను. ఆ కంపెనీవారి ఓడ మన మచిలీపట్టణపు రేవున కప్పటికి అయిదేండ్లకు ముందే, 1611లో వచ్చియుండెను. ఆ సముద్రప్రయాణముల లెక్కలకే ఈ పుస్తక ముద్దేశింపబడినదని తలచునపుడు, దూరదేశపు చరిత్రము కొంచెము మన యింటి వాకిటికి వచ్చినట్లు తోచును.

లండనునందు గ్రెషాం కళాశాలలో క్షేత్రగణిత పండితుడగు హెన్రీ బ్రిగ్సు ఈ గ్రంథమును చదివి పరవశుడయ్యెను. 1615 వేసవిలో నాతడు లండనునుండి ఎడింబరోకు ప్రయాణముచేసి నేపియరును దర్శించెను. ఇరువురును ఒకరి నొకరు చూచుచు పావుగంటసేపు మాటలేక నిలిచిరని చెప్పుదురు. బ్రిగ్సు ఒక మాసము మర్చిస్టనులో నతిథిగా నుండెను. పట్టికను 10 అను సంఖ్య ఆధారముగా మరల కట్టినచో సామాన్యుల కింకను సులభమగునని యాతని తలంపు. ఇరువది యేండ్లు శ్రమించి ముద్రింపించిన గ్రంథమునకు ఏడాదియైన నిండకమునుపే మార్పు సూచింపబడినప్పుడు ఎవరికైనను మనస్సు నొచ్చును. నేపియరు నొచ్చుకొనలేదు. తనకును ఆ తలంపు కలదనియు, 1కి లాగరిథము సున్న కావలెననియు మరింత మేలైన సవరణను తానే సూచించెను. వాతరోగముచే శరీరము శిథిలమగుటవలన, క్రొత్త పట్టికను కట్టు పనిని బ్రిగ్సునకే యప్పగించెను. ఆ పద్ధతి ప్రకారము 2యొక్క లాగరిథము 0.30103; 3యొక్కది 0.47712; రెంటిని కూడిన 0.77815. అది 6యొక్క లాగరిథము. నేపియరు కట్టిన పట్టిక క్రమముగా మూలబడెను. బ్రిగ్సు పట్టికయే లోకమున వ్యాపించెను. తన పేరు నిలుచుటకంటె పరుల పని తేలికయగుటయే యాయన కోరెను. ఆయన చరిత్రమున నా కన్నిటికంటె ప్రియమైన ఘట్టమిదియే.

అయినను నేపియరునకు తృప్తి కలుగలేదు. పట్టికలను జూచుటకును కొంత చదువు వలయును. అదియునులేని వారి గతి యేమి? వారికొరకై 1617లో రాబ్డొలోజియా అను చిన్న గ్రంథమును ప్రకటించెను. అందు నలుపలకల పుల్లలతో గుణకారము చేయు విధము గలదు. దంతముతోడను ఎముకతోడను చేయబడుటచే జనులు వానిని నేపియరు ఎముకలనిరి. ఒక్కొక్క పుల్లపై నొక యంకెయొక్క ఎక్కము వ్రాయబడి యుండును. ప్రతి గడి నొక ఏటవాలు గీత రెండుగా చీల్చును; గీతకు పైన పదులు, క్రింద ఒకట్లు. ఉదాహరణమునకు 365ను 7చే గుణింపవలెనన్న 3, 6, 5 పుల్లలను ప్రక్కప్రక్కగా బెట్టి ఏడవ వరుసను జూడవలెను. అందు 21, 42, 35 కనబడును. కుడినుండి ఏటవాలుగా కూడిన, మొదట 5, పిమ్మట 3ను 2ను కలిపి 5, పిమ్మట 4ను 1ని కలిపి 5, చివర 2. అనగా 2555. ఎక్కము రానివాడైనను చిన్న కూడిక వచ్చినచో చాలును. ఆ గ్రంథముననే చదరంగపు బల్ల వంటి బల్లపై 1, 2, 4, 8, 16 అను రెట్టింపు సంఖ్యలతో లెక్కచేయు మరియొక విధము గలదు. నేటి కంప్యూటరులు లోపల సంఖ్యలను ఈ రెట్టింపుల లెక్కనే అనుసరించి నిలుపుకొనుచున్నవి.

ఈ పుల్లలను మా ఆరవ తరగతిలో నొక సంవత్సరము అట్టముక్కలతో చేయించితిని. పిల్లలు ఎక్కములు మరచి సోమరులగుదురని యొక పెద్దమనిషి నన్ను మందలించెను. నాకును సందేహము కలుగకపోలేదు. అంతవరకు నల్లబల్ల చెంతకు రమ్మనిన తల వంచుకొను బాలుడొకడు ఆ పుల్లలతో పెద్ద పెద్ద గుణకారములు చేసి సంతోషించెను. నాలుగు దినములైన పిమ్మట నా యొద్దకు వచ్చి, ఏటవాలుగా కూడిన సరియైన ఫలమే యేల వచ్చునని యడిగెను. స్థానవిలువలను గూర్చి నేను రెండేండ్లు బోధించినను పుట్టని ప్రశ్న, భయము తొలగిన నాలుగు దినములలో పుట్టెను. నా సందేహము నాటితో తీరెను. సాధనము చేతికిచ్చుట సోమరితనమును నేర్పుటకాదు. ప్రశ్న నంతటితో నాపివేయుటయే సోమరితనము.

రాబ్డొలోజియా వెలువడిన యా సంవత్సరమే, 1617 ఏప్రిలు 4వ తేదీన, నేపియరు మర్చిస్టనులో ప్రభువునందు నిద్రించెను. ఆ వేసవిలో మూడవమారు దర్శింపవలెనని యెదురుచూచుచుండిన బ్రిగ్సు కోరిక తీరలేదు. కాని యాతడు మాట తప్పలేదు. ఆ యేడే 1 మొదలు 1000 వరకు గల సంఖ్యల లాగరిథములను 14 స్థానముల వరకు లెక్కించి ముద్రించెను. 1624లో 1 మొదలు 20,000 వరకును, 90,000 మొదలు 1,00,000 వరకును పెంచెను. నడుమ మిగిలిన ఖాళీని 1628లో హాలండు దేశస్థుడగు వ్లాకు పూరించెను. నేపియరు ప్రకటింపక యుంచిన నిర్మాణవిధానమును ఆయన కుమారుడు రాబర్టు 1619లో లోకమున కందిచ్చెను. స్విట్జర్లండు దేశస్థుడగు యోస్ట్ బ్యూర్గి వేరుగా ఇట్టి పట్టికనే కట్టియు 1620 వరకు ప్రకటింపకపోయెను. మహాజ్యోతిష్కుడగు కెప్లరు తన 1620 సంవత్సరపు పంచాంగమును నేపియరు పేర నంకిత మొనర్చి, 1627లో వెలువరించిన గ్రహపట్టికలలో లాగరిథములను వాడెను.

1623లో జర్మనీయందు షికార్డు అను పండితుడు రూపొందించిన లెక్కయంత్రములో నేపియరు పుల్లలే గుండ్రని స్తంభములై తిరిగినవి. లాగరిథములను కొలబద్దలపై గీయుటచే లెక్కబద్ద యేర్పడెను. 1970 సంవత్సర ప్రాంతమున చేతిలో నిముడు విద్యుల్లెక్కయంత్రములు వచ్చువరకు ఇంజనీరుల జేబులలో నా బద్దయే యుండెను. లాగరిథముల పట్టికలు పరీక్షాశాలలలో మన విద్యార్థుల బల్లలపై నింకను దీర్ఘకాలము నిలిచినవి. మర్చిస్టను కోట బురుజు నేడు నేపియరు పేరిట నెలకొన్న విశ్వవిద్యాలయపు ఆవరణమున నిలిచియున్నది. విశ్వవిద్యాలయమునుండి పట్టము పొందని వాని యింటిచుట్టు విశ్వవిద్యాలయమే వెలసెను.

విద్యార్థులారా! నేపియరు చరిత్రమునుండి మూడు సంగతులు మీరు మనస్సున నుంచుకొనుడు. మొదటిది, గొప్పపని నిశ్శబ్దముగా, దినదినము, తీరికవేళలయందే సాగును. రెండవది, మీకంటె మేలైన మార్గమును మరియొకరు చూపినపుడు, మీరు గట్టిన దానిని విడుచుటకు వెనుదీయకుడు. మూడవది, మీరు నేర్చినది మీ వెనుక వచ్చువానికి బరువు కాక మెట్టు కావలెను. ప్రక్కబల్లపై కూర్చుండి లెక్క రాక తల వంచుకొనియున్న తోడి విద్యార్థిని జూచినపుడు నవ్వకుడు. ఒక పుల్లపై నొక యెక్కము వ్రాసి వాని చేతికిండు. నేపియరు చేసినదియు అంతియే.